లివరు జబ్బున్న పాపని అదే తరగతిలో ఇంకో ఏడాది ఉంచాలా?

రాయగడ అమ్మ:
మా పాపకి 8 ఏళ్లు. పుట్టుకతోనే పిత్తనాళాలు (లివరు నుంచి పేగుకి పైత్యరసం పారే గొట్టాలు) మూసుకుపోయాయి. మామూలు పచ్చకామెర్లే అనుకుని పసరు మందు పోయించి రోజులు పోగొట్టుకున్నాం. విశాఖలో కసాయ్ ఆపరేషన్ అయ్యేసరికి 70 రోజుల పిల్ల. (ఆ పేరు విని మా అత్తగారు ఏడ్చేశారు. అది జపాన్ సర్జన్ పేరని డాక్టరుగారు కూర్చోబెట్టి చెప్పారు.) కామెర్లు తగ్గాయి గానీ లివరు గట్టిపడింది. ఇప్పుడు మూడో తరగతి. నిన్న ఒప్పజెప్పిన ఎక్కం ఇవాళ రాదు. రెండు పనులు చెబితే ఒకటే గుర్తుంటుంది. ఇంకో ఏడాది మూడులోనే ఉంచమంటున్నారు బళ్లో. మావారు సరే అన్నారు. నాకు మనసొప్పడం లేదు.

గుణుపురం మాస్టారు:
ఉంచమ్మా. ఆస్పత్రుల చుట్టూ తిరిగి ఎన్ని రోజులు బడి పోయిందో నీకే తెలుసు. కూడికలు గట్టిపడకుండా నాలుగులో కూర్చోబెడితే రోజూ అవమానమే. ఒక ఏడాది పోతే ఏమీ పోదు.

పర్లాకిమిడి నర్సు:
మాస్టారూ, మీరన్న అవమానం నిజమే. కానీ పాప ఎందుకు మర్చిపోతోందో తెలియకుండా ఏడాది ఆపితే, వచ్చే ఏడాదీ అలాగే మర్చిపోతుంది కదండీ.

తిన్నది అరిగాక పేగుల్లో పుట్టే అమ్మోనియాని లివరు యూరియాగా మార్చి బయటికి పంపాలి. గట్టిపడిన లివరు ఆ పని పూర్తిగా చెయ్యలేదు. మిగిలిన అమ్మోనియా మెదడుకి చేరుతుంది. అక్కడి కణాలు దాన్ని గ్లూటమిన్‌గా మార్చుకుని కాస్త ఉబ్బుతాయి. పిల్ల చూడ్డానికి బాగానే ఉంటుంది, మాట్లాడుతుంది, ఆడుతుంది. ముందు దెబ్బతినేది ధ్యాస, అప్పటికప్పుడు గుర్తుంచుకునే శక్తి. దాన్నే మనం బద్ధకం అంటాం, కొడతాం కూడా. నాకు కడుపు మండేది అక్కడే.

అమ్మా, రాత్రి మేలుకుని పగలు తూగుతోందా? చేతిరాత మారిందా? పాత నోటుపుస్తకాలు తీసి పక్కపక్కన పెట్టి చూడండి. విటమిన్ ఇ తక్కువైనా నరాలు దెబ్బతింటాయి, పైత్యరసం సరిగా పారని పిల్లల్లో అది ఒంటికి పట్టదు. ఇంకో మాట. పప్పు, గుడ్డు మానిపించారా?

రాయగడ అమ్మ:
మానిపించాం అక్కా. లివరుకి బరువని ఊళ్లో అందరూ అన్నారు. పగలు తూగుతోంది, నిజమే.

పర్లాకిమిడి నర్సు:
ఒకప్పుడు డాక్టర్లే అలా చెప్పేవారు. ఇప్పుడు పిల్లలకి మాంసకృత్తులు తగ్గించమనరు. కండ కూడా అమ్మోనియాని ఖర్చుపెడుతుంది, కండ కరిగితే ఆ దారీ పోతుంది. ఎంత పెట్టాలో డాక్టరుగారిని అడగండి, రాత్రి ఖాళీ కడుపుతో మాత్రం పడుకోబెట్టకండి. పగటి తూగు సంగతి ఈ వారమే చెప్పండి. పేగుల్లో అమ్మోనియాని తగ్గించే లాక్టులోజ్ సిరప్ అవసరమేమో వారే చూస్తారు. మాట తడబడినా, లేపితే లేవకపోయినా వారం ఆగొద్దు, అప్పటికప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

జయపురం నాన్న:
ఒక్క సంగతి ఎవరూ అడగలేదు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. పాపకి రానిది లెక్కా, లెక్క అడిగిన భాషా? మా వాడికి జబ్బేమీ లేదు, అయినా రెండో తరగతి దాకా వెనకబడే ఉన్నాడు. తెలివి పరీక్ష చేయిస్తే తెలుగులో చేసేవాళ్ల దగ్గరే చేయించండి. ఒడియాలో వచ్చిన మార్కు పట్టుకుని పిల్ల తల మీద ముద్ర వెయ్యొద్దు.

గుణుపురం మాస్టారు:
భాష సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటాను. ఇంకోటి కూడా. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం మూడులో బడి పిల్లని ఆపకూడదు. 2019 సవరణ వీలిచ్చింది 5, 8 తరగతులకే. అయినా నాలుగుకి పంపితే సరిపోదమ్మా. ముందు బెంచీ, ఒకసారికి ఒకే పని, పరీక్షలో కాస్త ఎక్కువ సమయం అడుగు. ఇవి లేకుండా పంపితే నేను మొదట అన్నదే జరుగుతుంది.

రాయగడ అమ్మ:
రెండో తరగతి నోటుపుస్తకం తీశాను మాస్టారూ. అక్షరాలు ఇప్పటికన్నా అప్పుడే గుండ్రంగా ఉన్నాయి. రెండు పుస్తకాలూ సంచిలో పెట్టాను. గురువారం రైలుకి విశాఖ వెళ్తున్నాం. ఈ పూట గుడ్డు పెట్టాను, మొత్తం తినేసింది.