పదార్థం గుణాన్ని తేల్చేది బంధమా, అమరికా?

కర్బనం6:
బళ్లో రసాయన బంధం చెప్పేటప్పుడు అయానిక (వ్యతిరేక ఆవేశాల ఆకర్షణ), సమయోజనీయ (ఎలక్ట్రాన్లను పంచుకోవడం), లోహ (ఎలక్ట్రాన్లు అందరివీ కావడం) అని మూడు గళ్లు గీసి, ఒక్కో గడిలో ధర్మాలు రాయిస్తాం. ఈ పద్ధతి పిల్లల్ని తప్పుదారి పట్టిస్తోందని నా వాదన. వజ్రం, గ్రాఫైట్ రెండూ కార్బనే, రెండింట్లోనూ సమయోజనీయ బంధమే. ఒకటి కరెంటును ఆపేస్తుంది, ఇంకోటి పోనిస్తుంది. ఒకటి గాజును కోస్తుంది, ఇంకోటి కాగితం మీద రుద్దితే అరిగిపోతుంది. తేడా అంతా పరమాణువుల అమరికలోనే. ముందు అమరిక చెప్పాలి, బంధం ఆ తర్వాతే.

లవణం:
ఒప్పుకోను. అమరిక అదే ఉండి బంధం మారితే ఏమవుతుందో కూడా చూడండి. సోడియం క్లోరైడ్, మెగ్నీషియం ఆక్సైడ్, సిల్వర్ క్లోరైడ్ మూడింటిదీ ఒకే స్ఫటిక నిర్మాణం. మొదటిది 801 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవమవుతుంది. రెండోది 2,800 దాటితే గానీ కాదు. దాని అయాన్ల (ఆవేశమున్న పరమాణువుల) మీద ఆవేశం రెట్టింపు, మధ్య దూరం తక్కువ. మూడోది 455 దగ్గరే ద్రవమవుతుంది, పైగా నీళ్లలో దాదాపు కరగదు. దాని బంధంలో సమయోజనీయ స్వభావం ఎక్కువ.

ఇక మీ గ్రాఫైట్. అది పొరలు పొరలుగా ఉంటుంది. పొరలో కార్బన్ల మధ్య దూరం 1.42 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు), వజ్రంలో 1.54. అంటే పొర లోపలి బంధం వజ్రంలోని దానికంటే గట్టిది! బలహీనమైనది పొరకూ పొరకూ మధ్య ఉన్న ఆకర్షణ, అక్కడ దూరం 3.35. రెండింట్లోనూ బంధం ఒకటేనని ఎలా అంటారు?

కొలిమి:
లోహాలను మర్చిపోతున్నారు. ఉక్కు సూదిని ఎర్రగా కాల్చి ఠక్కున నీళ్లలో ముంచండి. వంచబోతే పుటుక్కున విరుగుతుంది. అలాంటిదే ఇంకోటి కాల్చి మెల్లగా చల్లారనివ్వండి, తీగలా వంగుతుంది. ఇనుమూ అదే, కార్బన్ శాతమూ అదే. మెల్లగా చల్లారినప్పుడు కార్బన్ విడిపోయి ఐరన్ కార్బైడ్‌గా పేరుకుంటుంది. ఒక్కసారిగా చల్లబడితే అందుకు టైమ్ దొరక్క, ఇనుము జాలకంలోనే (పరమాణువుల క్రమమైన అల్లికలోనే) ఇరుక్కుని దాన్ని వంకర తిప్పేస్తుంది. లోహం వంగాలంటే డిస్‌లొకేషన్లు, అంటే జాలకం వరసల్లోని లోపాలు, కదలాలని శాస్త్రవేత్తలు టేలర్, ఒరోవాన్, పోలాని 1934లోనే విడివిడిగా చెప్పారు. వంకర జాలకంలో అవి కదలలేవు. బంధం బలం ఒక్కటే పెట్టుకుని లోహం బలం లెక్కేస్తే, వచ్చే అంకె అసలు విలువకు దరిదాపుల్లో ఉండదు.

లవణం:
బలం విషయంలో సరే. కరెంటు మాటేమిటి? వజ్రం, సిలికాన్, జెర్మేనియంలది ఒకే జాలకం. బంధం నుంచి విడిపడి కరెంటు మోయడానికి ఎలక్ట్రాన్ దాటాల్సిన శక్తి అంతరం మాత్రం వరసగా సుమారు 5.5, 1.1, 0.7 ఎలక్ట్రాన్ వోల్టులు. అమరిక ఒకటే అయినా, బంధం మారితే కరెంటు పోయే తీరు మారిపోయింది.

బూడిదతగరం:
ఆవర్తన పట్టికలో ఆ వరసలో తర్వాతది తగరం, దాన్నెందుకు వదిలేశారు? 13 డిగ్రీల పైన తెల్ల తగరం మెరిసే లోహం, సుత్తితో కొడితే సాగుతుంది. అంతకంటే బాగా చల్లగా చాలాకాలం ఉంచితే అక్కడక్కడ బూడిద రంగు మచ్చలు పొక్కుతాయి. ఘనపరిమాణం నాలుగో వంతుకు పైగా పెరిగి, ముక్క పొడిపొడిగా రాలిపోతుంది. ఆ పొడిది వజ్రం నిర్మాణం. అమరికతో పాటు బంధం కూడా లోహ బంధం నుంచి సమయోజనీయం వైపు జరిగింది. ఏది ముందు, ఏది వెనక?

కర్బనం6:
ఇది నా వైపు సాక్ష్యమే కదండీ. పరమాణువు అదే, అమరిక మారగానే లోహం లోహం కాకుండా పోయింది.

లవణం:
అమరిక ఊరికే మారలేదు. చల్లగా ఉన్నప్పుడు నాలుగు దిక్కుల బంధాలతో శక్తి తగ్గుతుంది కాబట్టి బూడిద తగరం నిలబడుతుంది. వేడెక్కితే ఎంట్రోపీ (పరమాణువుల చిందరవందర) ఎక్కువున్న తెల్ల తగరం గెలుస్తుంది. ఆ శక్తి లెక్క బంధాల గురించి చెప్పకుండా మొదలుపెట్టగలరా?