లూదు దో అమా: ఈ పేరు తెలుగులో ఎలా రాయాలి?

ప్రశ్న: మాండలేకు చెందిన బర్మా రచయిత్రి (1915–2008) మీద వ్యాసం రాస్తున్నాను. ఒకచోట ‘డా. అమర్ లూడు’, ఇంకోచోట ‘శ్రీమతి లూడు’ అని కనిపించింది. ఆమె డాక్టరా? లూడు ఇంటిపేరా?

జవాబు: రెండూ కాదండీ. బర్మీయులకు ఇంటిపేర్లుండవు. ‘దో’ అంటే మన ‘గారు’ లాంటిదే, కాకపోతే పెద్ద వయసు స్త్రీ పేరుకు ముందు చేరుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి ‘డా’ అని రాస్తాం, ఎవరో చుక్క పెడతారు, ఆవిడ డాక్టరైపోతుంది. బర్మీస్ లిపిలో అది ద-కారానికి ఓత్వం, కాబట్టి ‘దో’ అనే రాయండి, ఈ గొడవే ఉండదు. మగవాళ్లకు ‘ఊ’. మనవాళ్లు ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన ఊ థాంట్‌ను ‘యు. థాంట్’ చేసి, గౌరవ పదాన్ని పొడి అక్షరం కింద మార్చేశారు.

‘లూదు’ అంటే ప్రజలు. భర్త ఊ హ్లాతో కలిసి ఆమె నడిపిన పత్రిక పేరది: 1945లో జర్నల్‌గా, 1946 నుంచి దినపత్రికగా వచ్చింది. అక్కడ పత్రిక పేరు రచయిత పేరుకు ముందు చేరడం మామూలే. హంథావడీ పత్రిక సంపాదకుడు విన్ తిన్ ‘హంథావడీ ఊ విన్ తిన్’ అయ్యాడు. 1967లో ప్రభుత్వం పత్రికను మూయించినా, ‘లూదు’ ఆమె పేరును విడిచిపోలేదు. అందుకే ఆ మాట వదలొద్దు, అలాగని ఒంటరిగానూ వాడొద్దు. రెండోసారి నుంచి ‘దో అమా’ చాలు. అకారాది సూచికలో ‘అ’ కింద పెట్టండి.

మరో సభ్యురాలు: ‘అమర్’లోని ర్ కూడా తీసేయండి. ఇంగ్లీషులో దీర్ఘం చూపడానికి పెట్టిన అక్షరమది, పలకరు. మయన్మార్ చివర ఉన్నదీ అదే, కానీ అది మనకు స్థిరపడిపోయింది. ఆమె పేరుకు, మాండలే పక్కనున్న అమరపురకు సంబంధం లేదు. ఊరి పేరులోని ర నిజమైనదే, పాలీ నుంచి వచ్చింది.

ఇంకొక మాట. 1936 విద్యార్థి సమ్మెలో పాల్గొన్న ఈమెను తర్వాతి తరాల కుర్రకారు ‘అమే’ అని పిలిచారు, అంటే అమ్మ. వ్యాసంలో యువత గురించి రాసేచోట ‘అమే’ అనే ఉంచి, మొదటిసారి మాత్రం పక్కన అర్థం ఇవ్వండి. ‘మదర్ అమర్’ మనకెందుకు?