నేపియర్, డెస్మోడియం: కత్తెర పురుగును నడిపించేది వాసనేనా?

రబీమక్క:
ఈ రబీలో మళ్లీ మక్క వేస్తున్నా. పోయినసారి కత్తెర పురుగు సుడులన్నీ తినేసింది, మందులకే బోలెడు పోయింది. ఇప్పుడు వీడియోల్లో ఆఫ్రికా పద్ధతి అని చెప్తున్నారు. గట్ల చుట్టూ నేపియర్ గడ్డి వేస్తే దాని వాసనకు తల్లి పురుగులు అటు పోయి గుడ్లు పెడతాయట. సాళ్ల మధ్య డెస్మోడియం అనే పప్పుజాతి మేత మొక్క వేస్తే ఆ వాసన పడక చేనులోకే రావట. నేపియర్ ఎట్లాగూ బర్రెలకు మేతే. డెస్మోడియం విత్తనం దొరకడమే కష్టం. ఇదంతా నిజంగా వాసనతోనే జరుగుతుందా అన్నా?

పచ్చగట్టు:
జరుగుతుంది తమ్ముడూ. ఇది నిన్నమొన్నటి మాట కాదు. కెన్యాలోని ఇసిపే అనే కీటక పరిశోధన కేంద్రం, ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 1990లలోనే కాండం తొలిచే పురుగు కోసం దీన్ని రూపొందించారు. చీకటి పడ్డాక మొదటి గంటలో నేపియర్ ఆకుల నుంచి వచ్చే వాసనలు దాదాపు వంద రెట్లు పెరుగుతాయని 2006లో తేల్చారు. మొక్కజొన్నలో అంత పెరగదు. తల్లి పురుగు గుడ్లకు చోటు వెతుక్కునే వేళ సరిగ్గా అదే. అక్కడ గుడ్లు పెట్టినా, పిల్ల పురుగు నేపియర్ కాండాన్ని తొలవగానే జిగురు కారి అందులోనే చిక్కుకుంటుంది. ఇక కత్తెర పురుగు సంగతంటే, తూర్పు ఆఫ్రికా రైతుల పొలాల్లో ఈ పద్ధతితో మొక్కకు ఉండే పురుగుల సంఖ్య 82.7 శాతం తగ్గిందని 2018లో ప్రచురించారు. రైతు పొలంలో వచ్చిన ఫలితం కన్నా ఏం కావాలి?

ఆకుకింద:
పచ్చగట్టు గారూ, పురుగులు తగ్గాయన్నది నేనూ కాదనను. తగ్గింది వాసన వల్లే అని మాత్రం ఆ లెక్క చెప్పదు. పైగా ఆ పొలాల్లో గట్ల మీద ఉన్నది నేపియర్ కాదు, బ్రాకియేరియా గడ్డి. దాన్ని నేపియర్ ఖాతాలో వేయకూడదు.

2024లో వచ్చిన ఒక పరిశోధన ఈ నమ్మకాన్నే పరీక్షకు పెట్టింది. డెస్మోడియం చుట్టూ ఉన్న గాలిని పట్టి చూస్తే, తరిమేస్తాయని ఇన్నాళ్లూ చెప్పిన టర్పీన్లు అనే వాసన పదార్థాలు అసలు కనబడలేదు. పురుగు కొరికినప్పుడు మాత్రం కొద్దిగా వచ్చాయి. గాలి సొరంగంలో (ఒక వైపు నుంచి గాలి వదిలే పరీక్ష గొట్టంలో) పెట్టి చూస్తే, వెనక డెస్మోడియం వాసన ఉన్నా లేకపోయినా తల్లి పురుగులు మొక్కజొన్న మీద ఒకేలా గుడ్లు పెట్టాయి. మరి పురుగు ఎందుకు తగ్గుతుంది? అప్పుడే గుడ్డు పగిలి వచ్చిన పిల్లలు మొక్కజొన్నను వదిలి డెస్మోడియం మీదికే ఎగబడ్డాయి. కానీ దాన్ని తిని ఒక్కటీ బతకలేదు. కాస్త ఎదిగిన పిల్ల పురుగులైతే ఆ ఆకుల మీది గట్టి నూగుకు గుచ్చుకుని కదల్లేక ఉండిపోయాయి. అంటే తల్లిని తరమడం కాదు, పిల్లల్ని పట్టి చంపడం. రెండూ వేరు వేరు పనులు.

పచ్చగట్టు:
గాలి సొరంగం పొలం అవుతుందా? కెన్యా రైతుల చేలల్లోనే డెస్మోడియం గాలిని సేకరించిన మరో బృందం, అందులో వాసన పదార్థాలు బాగానే ఉన్నాయని రాసింది. వాళ్ల పరీక్షల్లో తల్లి పురుగులు డెస్మోడియానికి దూరంగా ఉన్న మొక్కజొన్న మీదే గుడ్లు పెట్టడానికి మొగ్గు చూపాయి. అమెరికాలో యూటా ఎడారిలోని అడవి పొగాకు సంగతి కూడా చూడండి. పురుగు తింటున్న మొక్క విడిచే వాసనలకు తల్లి పురుగులు గుడ్లు పెట్టడం తగ్గించాయి, పురుగుల్ని తినే నల్లి జాతి కీటకాలు మాత్రం వచ్చాయి. 2001లోనే తేలిన విషయం ఇది. వాసనకు బలం లేదంటే ఒప్పుకోను.

ఆకుకింద:
వాసనకు బలం లేదని నేను అనలేదు. ఆ రెండో బృందం కూడా వాసన ప్రభావం పాక్షికమేనని రాసింది, ఆ మాట వదిలేయకండి. నా అభ్యంతరం ఒక్కటే: తల్లి ఎంపిక మొత్తాన్నీ వాసన మీద పెట్టేస్తున్నారు. దూరం నుంచి రప్పించేది వాసనే కావచ్చు, ఆకు మీద వాలాక నడిచే కథ వేరు. క్యాబేజీ తెల్ల సీతాకోకచిలుక ముందుకాళ్లతో ఆకును టకటకా తడుతుంది. ఆ కాళ్లకే రుచి తెలుస్తుంది. ఆకు మీద గ్లూకోబ్రాసిసిన్ లాంటి క్యాబేజీ జాతి రసాయనాలు తగిలితే గుడ్డు పెడుతుంది.

ఆ గుర్తు కూడా మోసం చేస్తుంది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా వైట్ అనే సీతాకోకచిలుక, యూరప్ నుంచి వచ్చి పడిన గార్లిక్ మస్టర్డ్ మొక్క మీద గుడ్లు పెడుతుంది. తన పాత మొక్కల బంధువే కాబట్టి రసాయనాలు దగ్గరగా ఉంటాయి. పిల్లలు మాత్రం ఆ ఆకు తిని చచ్చిపోతాయి.

కత్తెర పురుగు దీనికి కూడా అందదు. ఆకు అడుగున వందల్లో గుడ్లు కుప్పగా పెట్టి, పైన తన ఒంటి నూగు కప్పుతుంది. ఉధృతి ఎక్కువైతే పొలంలో పాతిన కర్రల మీద, ప్లాస్టిక్ మీద కూడా పెట్టేస్తుంది. పిల్లలు దారం వదిలి గాలికి వేలాడుతూ పక్క మొక్కలకు పోతాయి. ఇంత చూడకుండా గుడ్లు పెట్టే తల్లిని వాసనతోనే ఆపేస్తామంటే నమ్మేదెలా?

రబీమక్క:
ఇద్దరి మాటా అర్థమైంది. మరి నేనేం చేయాలి?

పచ్చగట్టు:
నేపియర్ అయితే వెయ్యి. మక్క చుట్టూ మూడు నాలుగు వరుసలు వేయమని మన దేశపు సిఫార్సుల్లోనే ఉంది. మక్కకన్నా ముందే నాటుకో. అంతర పంటగా కంది, మినుము, పెసర కూడా అందులోనే ఉన్నాయి, వాటి విత్తనం దొరుకుతుంది.

ఆకుకింద:
ఇందులో నాకు పేచీ లేదు. కానీ సిఫార్సు అక్కడితో ఆగదు. నేపియర్ మీద పురుగు తిన్న గుర్తులు కనబడగానే దాని మీద 5 శాతం వేప గింజల కషాయం కొట్టాలి. కొట్టకుండా వదిలేస్తే గట్టు మీది గడ్డి మీరు పురుగుకు పెట్టిన ఇల్లే అవుతుంది.

డెస్మోడియం విత్తనం దొరికితే ఒక మూల నాలుగు సాళ్లలో వేసి చూడండి. పొద్దున్నే ఆకులు తిప్పి గుడ్ల కుప్పలు వేరుగా, సుడిలో పురుగులు వేరుగా రాసుకోండి. డెస్మోడియం లేని సాళ్లలో కూడా అలాగే రాయండి. గుడ్లు తగ్గితే పచ్చగట్టు గారి మాట నిలబడినట్టు. గుడ్లు అంతే ఉండి పురుగులు తగ్గితే డెస్మోడియం పిల్లల్ని పట్టి చంపినట్టు.

పచ్చగట్టు:
ఆ లెక్క నేనూ చూస్తా. గాలి ఎటు నుంచి వీస్తోందో కూడా రాయి తమ్ముడూ. గాలివాలున ఉన్న సాళ్లలో గుడ్లు ఎలా ఉన్నాయో తెలియకుండా వాసన పనిచేయలేదని ఎవరూ అనలేరు.