పాత కథ చదివించే ముందు కఠినపదాలను ఎన్ని నేర్పాలి?

ప్రశ్న:
మా పఠన బృందంలో పదిమంది డిగ్రీ విద్యార్థులున్నారు. గ్రాంథికభాషలో ఉన్న ఒక పాత కథానికను వారిచేత చదివించాలని, ముందుగా 40 కఠినపదాలకు అర్థాలు రాసి ఇచ్చాను. అందరూ శ్రద్ధగానే వల్లె వేశారు గానీ, కథ రెండో పేరాకు వచ్చేసరికే ఆగిపోయారు. నేర్చుకున్న పదాలు ఎదురైనా పోల్చుకోలేకపోయారు. ముందుగా పదాలు నేర్పడమే పొరపాటా, లేక నేను నేర్పిన తీరులో లోపముందా?

జవాబు 1:
ముందుగా నేర్పడం మంచిదేనండి, కానీ 40 చాలా ఎక్కువ. నేనైతే ఏడెనిమిదికి మించనివ్వను. ఏ పదం తెలియకపోతే కథలోని మలుపు అందదో దానిని ముందే చెప్పి, ఒక్కసారి కనిపించి మాయమయ్యే నగల పేర్లను, చెట్ల పేర్లను కథకే వదిలేస్తాను. అన్నిటికంటే ఎక్కువగా దారి తప్పించేవి తెలిసినట్టే కనిపించే పదాలు. "ఆ యవసరమున" అని చదివిన విద్యార్థి ఎవరికో ఏదో కావలసి వచ్చిందనుకుంటాడు. అక్కడ అవసరమంటే సమయం. పాత తెలుగులో చీర అంటే వస్త్రం. నారచీరలు కట్టి అడవికి వెళ్లిన రాముణ్ణి తలపిస్తే ఆ అర్థం మనసులో నిలిచిపోతుంది. ఇటువంటి పదాలకు నిఘంటువు తెరవాలన్న ఆలోచనే ఎవరికీ రాదు కనుక, వీటిని ముందుగా చెప్పి తీరాలి.

జవాబు 2:
పోల్చుకోలేకపోవడానికి కారణం సంధి అయి ఉంటుంది. మీ జాబితాలో "అవసరము" ఉంటే కథలో "యవసరమున" ఉంటుంది. "పూచెఁ గలువలు" అన్నచోట "గలువలు" అని వెతికితే 1885 నాటి శబ్దరత్నాకరం అనే నిఘంటువులోనూ దొరకదు. "కలువ" అని చూడాలి. క చ ట త ప లు కొన్నిచోట్ల గ జ డ ద బ లుగా, మరికొన్నిచోట్ల గ స డ ద వ లుగా మారతాయని పావుగంటసేపు ఆ కథలోని వాక్యాలతోనే చూపించండి. పదాల జాబితాకంటే ఇది ఎక్కువ అక్కరకొస్తుందని నా నమ్మకం.

జవాబు 3:
ఇంగ్లీషు నేర్చుకునేవారిపై హు, నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఎవరి సాయమూ లేకుండా కథ బాగా అర్థం కావాలంటే అందులోని పదాల్లో సుమారు 98 శాతం తెలిసి ఉండాలి. అంటే 250 పదాల పేజీలో తెలియనివి అయిదుకు మించకూడదు. తెలుగుకు అదే లెక్క సరిపోతుందని అనను, కానీ మొదటి పేజీలో తెలియని పదాల కింద గీతలు గీయమంటే పరిస్థితి మీకే తెలుస్తుంది. గీతలు మరీ ఎక్కువైతే ఆ పేజీని మీరే పైకి చదువుతూ అర్థాలు చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. జాబితాను మళ్లీ చూస్తే, తెలిసినట్టే కనిపించే పదం అందులో ఒక్కటీ లేదు. అన్నీ చూడగానే భయపెట్టేవే. ఈసారి ఏడు పదాలే ఇచ్చి, ఒక్కొక్కటి కథలో కనిపించే రూపంలోనే రాసి చూపిస్తాను.