రిఫర్ చేస్తే ఫ్రీ ఫోన్ అంట, ఇలాంటివి ఎవరికైనా నిజంగా వచ్చాయా?

తెనాలి_తమ్ముడు:
మా ఫ్యామిలీ గ్రూపులో నిన్న రాత్రి నుంచి ఒకటే గోల. మా పిన్ని ఒక లింకు పెట్టింది, పేరున్న షాపింగ్ కంపెనీ వార్షికోత్సవం అంట, నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పాలి (ఆడా మగా, వయసెంత, మా కంపెనీ మీకు తెలుసా, ఇవీ ప్రశ్నలు!), తర్వాత గిఫ్టు బాక్సులు వస్తాయి, మొదటిది నొక్కితే ఖాళీ, రెండోది నొక్కితే ఫోన్ తగిలేసింది. ఇంక ఐదు గ్రూపులకో ఇరవై మందికో పంపితే ఫోన్ ఇంటికొచ్చేస్తుందని ఒక పచ్చ గీత, పంపేకొద్దీ నిండుతా ఉంటుంది. పిన్ని పంపింది, బాబాయి పంపాడు, మా అక్క అత్తగారి వైపు వాళ్ళకి కూడా వెళ్ళిపోయింది. గీత నిండాక ఇప్పుడేదో యాప్ వేసుకోమంటే అదీ వేసుకుంది. ఇది మోసం పిన్నీ అంటే "నీకన్నీ అనుమానాలేరా, డబ్బులేం అడగట్లేదుగా, పోతే ఏం పోద్ది" అంది. ఆ మాటకి ఏం చెప్పాలో నాకు తోచలేదు. డబ్బులడక్కపోతే వాడికేంటి లాభం? ఇంకోటి, గూగుల్ పేలో రిఫరల్ డబ్బులు మనలో చాలామందికి వచ్చినవే కదా, మరి అది నిజం ఇది దొంగది అని ఎట్లా తేల్చాలి?

పాత_మోడెమ్:
ఇలాంటి లింకులు వస్తే సిమ్ తీసేసిన పాత ఫోన్లో వేసి విప్పి చూడటం నాకదో సరదా, మా ఆవిడ తిడుతున్నా మానలేదు. ఆ బాక్సుల్లో లాటరీ ఏమీ ఉండదు, మీరు ఏ బాక్సు నొక్కినా మొదటిసారి ఖాళీ, రెండోసారో మూడోసారో గెలుపు, అలా రాసి పెట్టేస్తారంతే. పచ్చ గీత ఇంకా నవ్వొస్తుంది. మీరు షేర్ బటన్ నొక్కారా లేదా అన్నదే అది లెక్కేస్తుంది, నిజంగా ఎవరికైనా పంపారో లేదో దానికి తెలియదు. బటన్ నొక్కి వాట్సాప్ తెరుచుకోగానే ఎవరికీ పంపకుండా వెనక్కొచ్చేయండి, గీత జరుగుతుంది. పేజీ పూర్తిగా లోడయ్యాక ఫ్లైట్ మోడ్‌లో పెట్టి చేసినా చాలావాటిలో జరుగుతుంది. కింద "నాకు ఇవాళే ఫోన్ వచ్చింది, థాంక్యూ" అని ఫొటోలతో కామెంట్లుంటాయి చూశారా, అవి కూడా పేజీలోనే అచ్చేసి ఉంటాయి, ఎవరూ టైప్ చేసినవి కావు. "ఈ రోజుతో ఆఖరు" అన్న తేదీ మీ ఫోన్లోంచే తీసుకుంటుంది, ఫోన్లో తేదీ వెనక్కి జరిపి చూడండి, ఆఫర్ కూడా వెనక్కెళ్ళిపోతుంది. 😂

లాభం సంగతి. ఆ పేజీల్లో యాడ్స్ ఉంటాయి, చూసిన ప్రతి మనిషికీ వాడికి ఎంతో కొంత పడుతుంది. యాప్ వేసుకోమన్నది ఊరికే కాదు, ఒక్కో ఇన్‌స్టాల్‌కి కమీషన్ ఉంటుంది. నోటిఫికేషన్లకి అలో నొక్కితే రేపట్నుంచి మీ ఫోన్ వాడి యాడ్ బోర్డు. నంబరూ అడ్రసూ నింపితే ఆ లిస్టు ఇంకొకడికి అమ్ముతాడు. చివర్లో డెలివరీ చార్జీ అని చిన్న మొత్తం అడిగి కార్డు వివరాలు పట్టేవాళ్ళు వేరే. పిన్నిగారి దగ్గర వాడికి కావలసింది డబ్బు కాదు, ఆవిడ పేరు. ఏదో తెలియని నంబర్ నుంచి లింకొస్తే మీరు నొక్కరు, పిన్ని పంపిందంటే నొక్కుతారు.

ఓరుగల్లు_శీనన్న:
అన్నా నేనైతే ముందు ఏండ్ల లెక్క చూస్తా. 2021ల టాటా 150 ఏండ్ల పండుగ, కారు గెలుచుకోండ్రి అని ఒకటి తిరిగింది గుర్తుందా? టాటా మొదలైంది 1868ల, 150 ఏండ్లు 2018కే అయిపోయినయ్. అదే ఏడు అమెజాన్ 30వ వార్షికోత్సవం అని ఇంకోటి, అమెజాన్ పుట్టిందే 1994ల, అప్పటికి 27 కూడా సక్కగ నిండలె. టాటావాళ్ళైతే మాకు సంబంధం లేదు, ఆ లింక్ నొక్కకండ్రి అని ట్విట్టర్‌ల చెప్పుకున్నరు పాపం. అడిడాస్ ఫ్రీ షూస్ అని అంతకుముందు ఒకటొచ్చింది, అండ్ల స్పెల్లింగ్ చూస్తే ఐ అక్షరం మీద చుక్కనే లేదు, ఫోన్ స్క్రీన్ మీద ఎవనికి కనబడతది అది.

ఇంకో లెక్క జెప్త. ఒక్కొక్కరు ఇరవై మందికి పంపాలె అంటున్నడు కదా. ఇరవై, నాలుగు వందలు, ఎనిమిది వేలు, లక్షా అరవై వేలు, ముప్పై రెండు లక్షలు, ఆరు కోట్ల నలభై లక్షలు, ఏడో మెట్టుకే 128 కోట్లు. ఎనిమిదో మెట్టుల ఎవరికి పంపాలె మరి, ఫోన్లు ఎవరిస్తరు ఇంతమందికి? డబ్బు కట్టించుకుని కింద మనుషుల్ని చేర్పించే చైన్ స్కీములకైతే 1978లనే చట్టం చేసి బంద్ పెట్టిన్రు, అయినా టెలిగ్రామ్‌ల టాస్కులని కొత్త పేరుతోటి నడుస్తనే ఉన్నయ్.

మార్కెటింగ్_మాధవి:
అందరూ ఒకే వైపు ఉన్నారు కాబట్టి నేను కొంచెం వేరేగా చెప్తా, రిఫరల్ అంటేనే మోసం అనుకోకండి. గూగుల్ తేజ్ (ఇప్పటి గూగుల్ పే) 2017 సెప్టెంబర్‌లో వచ్చినప్పుడు రిఫర్ చేసినవాళ్ళకీ చేరినవాళ్ళకీ 51 రూపాయలు ఇచ్చింది, కానీ కొత్తాయన మొదటి పేమెంట్ చేశాకే. కొత్త కస్టమర్‌ని తెచ్చుకోవడానికి కంపెనీ యాడ్స్ మీద పెట్టే ఖర్చే మన చేతికిస్తుంది. ఫైళ్ళు ఆన్‌లైన్లో దాచుకునే డ్రాప్‌బాక్స్ అయితే డబ్బే ఇవ్వలేదు, ఇద్దరికీ 500 ఎంబీ చోటు ఇచ్చింది. వీటిల్లో ఇచ్చేది చిన్నది, ఎప్పుడిస్తారో రాసి ఉంటుంది, మీరు ఎంతమందికి ఫార్వర్డ్ చేశారో కాదు ఎంతమంది నిజంగా చేరారో చూస్తారు, అన్నీ కంపెనీ సొంత యాప్‌లోనే జరుగుతాయి. ఇరవై మందికి మెసేజ్ కొడితే ఇరవై వేల ఫోన్ ఇచ్చే వ్యాపారం ఎక్కడా లేదు.

మధ్యరకం కూడా ఉంది. అమెరికాలో 2004 ప్రాంతంలో ఫ్రీ ఐపాడ్స్ (పాటలు వినే ప్లేయర్లు) అని ఒక సైట్ నడిచింది, మీరు ఒక ఆఫర్‌లో చేరాలి, ఇంకో ఐదుగురిని చేర్చాలి, వాళ్ళూ ఆఫర్ పూర్తి చేయాలి. విచిత్రం ఏంటంటే ఐపాడ్లు కొందరికి నిజంగానే ఇంటికొచ్చాయి! అయితే జనం ఈమెయిళ్ళు అమ్మేసుకుందని ఆ కంపెనీ మీద 2006లో న్యూయార్క్ అటార్నీ జనరల్ కేసు వేశారు. కాబట్టి గిఫ్టు వచ్చిందా అని ఒక్కటే అడిగితే సరిపోదు.

పాత_మోడెమ్:
తమ్ముడూ అసలు పని చెప్పడం మర్చిపోయా. ఆ యాప్ ప్లే స్టోర్ నుంచా లేక ఏపీకే ఫైలా (అంటే ప్లే స్టోర్ బయట నుంచి నేరుగా దించుకున్నదా)? ఏపీకే అయితే ముందు నెట్ ఆపేసి, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, ఎస్‌ఎంఎస్ పర్మిషన్లు దానికి ఇచ్చారేమో చూసి తీసేసి అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఓటీపీలు చదివేది అక్కడే. క్రోమ్‌లో నోటిఫికేషన్ల లిస్టులో ఆ సైట్ ఉంటే బ్లాక్. రెండు రోజులు దాటకపోతే పంపిన మెసేజ్‌లు అందరికీ డిలీట్ చేయొచ్చు. అకౌంట్లో డబ్బు కదిలినట్టుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, బ్యాంకుకి కూడా.

తెనాలి_తమ్ముడు:
థాంక్స్ అందరికీ. ఫ్లైట్ మోడ్ ఐడియా బ్రహ్మాండంగా పనిచేసింది. పిన్ని ముందే పెట్టి, ఎవరికీ పంపకుండా బటన్ నొక్కించా, గీత నిండి "అభినందనలు" అని వచ్చింది, ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ మొదట్నుంచి తనే చేసి చూసింది. తర్వాత ఏం మాట్లాడకుండా ఒక్కొక్కరికీ పంపినవి డిలీట్ చేస్తా కూర్చుంది. యాప్ ఏపీకేనే, ఎస్‌ఎంఎస్ పర్మిషన్ ఇచ్చేసి ఉంది, తీసేశా. ఓటీపీ మెసేజ్‌లు ఏం రాలేదు, బ్యాలెన్స్ సరిగానే ఉంది. అయినా ఫోన్ మొత్తం రీసెట్ కొట్టమంటారా? మనవరాలి ఫొటోలు పోతాయని ఒప్పుకోవట్లేదు.

పాత_మోడెమ్:
కొడితేనే మంచిది. ఫొటోలు ముందు కంప్యూటర్లోకి కాపీ చేయండి, యాప్‌లు మాత్రం బ్యాకప్ నుంచి తేవద్దు, ప్లే స్టోర్ నుంచి కొత్తగా వేయండి. జీమెయిల్ పాస్‌వర్డ్ ఇవాళే వేరే ఫోన్ నుంచి మార్చేయండి, యూపీఐ పిన్ రీసెట్ అయ్యాక మార్చండి.