బాయిల రాయి లెక్క: రూట్ లోపల మైనస్ వస్తున్నది, యాడ తప్పు పోయిన?

నాగర్‌కర్నూల్_ఎంపీసీ:
అన్నలూ అక్కలూ, జర చెప్పుండ్రి. ఇంటర్ ఫస్టియర్. 15 మీటర్ల లోతు ఎండిన బాయి దరిమీద నిలబడి రాయిని నిట్టనిలువు పైకి సెకండ్‌కు 10 మీటర్ల వేగంతోని ఇసిరితే అడుగుకు ఎంతసేపట్ల పడతది, జీ (భూమి గుంజుడుతోని వచ్చే త్వరణం, అంటే వేగం మారే రేటు) 10 అనుకోవాలె. ఎస్ = యూటీ + ½ఏటీ² ల ఎస్ 15, యూ (మొదటి వేగం) 10, ఏ (త్వరణం) −10 పెట్టిన, టీ అంటే టయం, టీ² − 2టీ + 3 = 0 వచ్చింది, రూట్ లోపల −8. మూడుసార్లు చేసినా అదే. ఇంకోటి, పైన రాయి ఆగినప్పుడు వేగం సున్నా గదా, మరి త్వరణం గూడ సున్నానే గదా, మా క్లాసుల సగం మంది అట్లనే అంటున్నరు.

దేవరకొండ_బీటెక్:
ఎస్ −15 పెట్టు తమ్మీ. 3 సెకండ్లు.

నాగర్‌కర్నూల్_ఎంపీసీ:
లోతు మైనస్ ఎట్లయితది అన్నా?

మిర్యాలగూడ_ఫిజిక్స్:
లోతు మైనస్ కాదు బిడ్డా, స్థానభ్రంశం మైనస్. ఈ సూత్రంల ఎస్ అంటే రాయి తిరిగిన దూరం కాదు, మొదలు పెట్టిన కాడికెళ్లి చివరికి యాడున్నది, ఎటు దిక్కున్నది అని. పైకి ప్లస్ అని నువ్వే అనుకున్నవ్, అందుకే జీకి మైనస్ పెట్టినవ్, మరి అడుగు దరికి కింద ఉన్నది గదా. రాయి 5 మీటర్లు ఎక్కి 20 దిగింది, దూరం 25, స్థానభ్రంశం −15. నీకు వచ్చిన −8 గూడ ఉత్తగ రాలే. నువ్వు +15 పెట్టి దరికి పైన 15 మీటర్ల ఎత్తుకు ఎప్పుడు పోతదని అడిగినవ్, రాయి ఎక్కేదే 5 మీటర్లు, ఎన్నడు పోదు అని లెక్క నీకు నిజమే చెప్పింది.

త్వరణం సంగతి. 0.9 సెకండ్ల కాడ వేగం +1, 1.1 కాడ −1. నడుమ 0.2 సెకండ్లల్ల 2 తగ్గింది, భాగిస్తే −10. సరిగ్గ 1 సెకండ్ కాడ గూడ అంతే, వేగం సున్నా అయినా వేగం మారుడు ఆగలే. త్వరణం గూడ సున్నా అయితే రాయి గాల్లనే నిలబడాలె గదా.

పాలమూరు_అక్క:
టీ² − 2టీ − 3 = 0 చేస్తే 3 తోని పాటు −1 గూడ వస్తది, దాన్ని కొట్టేసి మర్చిపోకు, నాకైతే ఈ లెక్కల మస్తు నచ్చేది అదే. అదే రాయిని ఎవరన్న నీకంటె 1 సెకండ్ ముందు బాయి అడుగుకెళ్లి 20 వేగంతోని పైకి ఇసిరితే, నువ్వు ఇసిరే టయానికి సరిగ్గ నీ చెయ్యికాడ 10 వేగంతోనే పోతుంటది. సమీకరణానికి నువ్వు ఇసిరినవా కిందికెళ్లి వచ్చిందా తెల్వదు, రెండు చెప్తది.

నాగర్‌కర్నూల్_ఎంపీసీ:
ఇప్పుడు సమజైంది అక్కా. అడుగుకు పడ్డప్పుడు వేగం −20 వచ్చింది, మైనస్ ఉంచాల్నా?

మిర్యాలగూడ_ఫిజిక్స్:
వేగం అడిగితే ఉంచు, దాంట్ల దిక్కు గూడ ఉంటది. వడి అంటే దిక్కు లేకుంట ఎంత జోరు అన్నదే, అది అడిగితే మైనస్ తీసి 20 అని రాయి.