గుంపుతో నడిస్తే ధైర్యం వస్తుందా, గుంపే అలవాటవుతుందా?

తూనీగ:
మా ఆడవాళ్ల నడక బృందానికి వచ్చే నెలతో రెండేళ్లు నిండుతాయి. వారానికి మూడు రోజులు, పొద్దున్న 6 గంటలకి, మొత్తం 14 మందిమి. ఎవరినడిగినా "దీనివల్ల నాకు ధైర్యం వచ్చింది" అంటారు. నేనూ అదే అనేదాన్ని. మొన్న వాన పడేలా ఉందని ఎవరూ రాలేదు. నేనొక్కదాన్నే వెళ్లి, రోజూ కలుసుకునే చోట పది నిమిషాలు నిలబడ్డాను. రెండేళ్లుగా నడుస్తున్న దారే, ప్రతి మలుపూ తెలుసు. అయినా కాలు ముందుకు పడలేదు. తిరిగి ఇంటికొచ్చేశాను.

అప్పటినుంచి ఇదే ఆలోచన. నాకు వచ్చింది ధైర్యమా, లేక 13 మంది పక్కనుంటే కలిగే ధీమాయేనా? మీ అనుభవం చెప్పండి. నడక ఆరోగ్యానికి మంచిదని మాత్రం రాయకండి, అది తెలుసు.

పాత_చెప్పులు:
గుంపులో గోవిందా అంటే ఇదేనండీ. నేనొక బృందంలో ఏడాది ఉండి మానేశాను. దారి ఒకావిడే నిర్ణయించేది, ఎప్పుడు ఆగాలో ఆవిడే చెప్పేది. మేం వెనకాల కబుర్లు చెప్పుకుంటూ వెళ్లేవాళ్లం. ఒక్కరోజు రాకపోతే వాట్సాప్‌లో "ఏం, నిన్న కనపడలేదు?" అని నలుగురు అడిగేవాళ్లు. ఇంట్లో జవాబు చెప్పుకోవడం చాలదన్నట్టు బయట ఇంకో జవాబుదారీ. స్వతంత్రం కోసం వెళ్లి హాజరుపట్టీలో పేరు రాయించుకున్నట్టయింది.

నీలిగొడుగు:
పాత_చెప్పులు గారూ, మీ బృందం అలా ఉందని అన్నీ అలాగే ఉంటాయా?

నా సంగతి చెప్తాను. పెద్ద రోడ్డు దాటాలంటే నాకు చచ్చేంత భయం. 41 ఏళ్లొచ్చినా ఎవరో ఒకరి చెయ్యి పట్టుకునే దాటేదాన్ని, ఎవరూ లేకపోతే ఆటో ఎక్కి అవతలికి వెళ్లేదాన్ని. నవ్వుకోండి, ఫర్వాలేదు. మా బృందంలో ఒక పద్ధతుంది. వారానికొకరు ముందు నడవాలి. దారి వాళ్లదే, వేగం వాళ్లదే, రోడ్డు ఎప్పుడు దాటాలో చెప్పేదీ వాళ్లే. నా వంతు వచ్చినప్పుడు మొదటి రెండుసార్లు తలనొప్పని తప్పించుకున్నాను. మూడోసారి ఆ రోడ్డు దగ్గర నిలబడితే ముందు పట్టుకోవడానికి వీపూ లేదు, చెయ్యీ లేదు. వెనక 9 మంది నా మాట కోసం చూస్తున్నారు. బస్సు వెళ్లింది, లారీ వెళ్లింది, ఒక బండి వెళ్లింది. "ఊఁ, రండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

ఇప్పుడు ఒక్కదాన్నే దాటుతున్నాను. భయం పోలేదు, కానీ దాటుతున్నాను.

లెక్కల_పిచ్చి:
తూనీగ గారు వద్దన్నా ఒక్క మాట. 2015లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో నడక బృందాల మీద ఒక సమీక్ష వచ్చింది. 42 అధ్యయనాలు, 1,843 మంది. బీపీ, గుండె వేగం, ఒంట్లో కొవ్వు, డిప్రెషన్ స్కోర్లు అన్నీ మెరుగుపడ్డాయని తేల్చారు. అందులో ఉన్నవి ఒంటికీ మనసుకీ సంబంధించిన కొలతలు. తూనీగ గారి ప్రశ్నకి మాత్రం అందులో జవాబు దొరకదు.

ఆవిడ అడిగినదానికి దగ్గరగా వచ్చేది సైకాలజీలో ఉంది. ఆల్బర్ట్ బండూరా 1977లో రాసిన వ్యాసంలో, "నేను చేయగలను" అన్న నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందన్నాడు. స్వయంగా చేసి గెలవడం, మనలాంటివాళ్లు చేస్తుంటే చూడడం, ఎవరైనా ప్రోత్సహించడం, ఒంట్లో కలిగే దడనో హుషారునో మనం అర్థం చేసుకునే తీరు. వీటిలో అన్నిటికన్నా బలమైనది మొదటిది. బృందంలో మధ్యన నడిచేవాళ్లకి రెండోదీ మూడోదీ దండిగా దొరుకుతాయి. మొదటిది నీలిగొడుగు గారికి దొరికింది, తూనీగ గారికి దొరకలేదు. తేడా అక్కడే అనుకుంటాను.

ఇంకొకటి. భయం వేయకుండా మనం పట్టుకునే ఆసరాని ఆందోళనకి చికిత్స చేసేవాళ్లు "సేఫ్టీ బిహేవియర్" అంటారు. నీళ్ల సీసా చేతిలో లేకుండా బస్సెక్కలేని మనిషి, క్షేమంగా దిగాక ఆ గొప్పంతా సీసాకే ఇస్తాడు. తన ఖాతాలో వేసుకోడు. అందుకే వందసార్లు బస్సెక్కినా భయం అలాగే ఉంటుంది. మీకు ఆ సీసా 13 మంది.

తూనీగ:
సీసా మాట చదివి నవ్వొచ్చింది, తర్వాత నవ్వు పోయింది. రెండేళ్లలో నేను ఒక్కసారి కూడా ముందు నడవలేదు. ఇప్పుడే గమనించాను.

ఎదురుగాలి:
చర్చంతా ఆడవాళ్ల బుర్ర చుట్టూ తిరుగుతోంది. రోడ్డు సంగతి ఎవరూ ఎత్తరేం? వీధి దీపం వెలగదు, ఫుట్‌పాత్ మీద బండ్లు ఆపుంటాయి, పక్కనుంచి ఎవడో ఏదో అనేసి పోతాడు. వాటికి భయపడడం తెలివైన పనే. దానికి "ఆత్మవిశ్వాసం లేదు" అని పేరు పెట్టి నడక బృందాన్ని మందుగా రాయడం నాకు నచ్చదు.

2017లో నేచర్ పత్రికలో 111 దేశాల్లో 7 లక్షల మందికి పైగా ఫోన్లలో నమోదైన అడుగుల లెక్క వచ్చింది. కొందరు బాగా నడిచి, కొందరు అంతంతమాత్రంగా నడిచే తేడా ఎక్కువున్న దేశాల్లో మగవాళ్లకన్నా ఆడవాళ్ల అడుగులే బాగా తగ్గాయి. అదే అధ్యయనంలో అమెరికా నగరాలను పోలిస్తే, నడవడానికి వీలుగా కట్టిన నగరాల్లో ఆడవాళ్ల అడుగులే ఎక్కువ పెరిగాయి. దారి బాగుంటే ధైర్యం గురించి ఎవరూ అడగరు.

బృందంగా నడవడానికి ఇంకో పనీ ఉంది. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో వరుస హత్యలు జరుగుతుంటే, చీకటి పడ్డాక బయటికి రావద్దని పోలీసులు ఆడవాళ్లకే చెప్పారు. 1977 నవంబర్‌లో ఆ ఆడవాళ్లు రాత్రిపూట గుంపుగా వీధుల్లోకి వచ్చి నడిచారు. వాళ్లలో ఎవరూ భయం పోగొట్టుకోవడానికి వచ్చినవాళ్లు కాదు. వీధి మాదీ అని చెప్పడానికి వచ్చారు.

నీలిగొడుగు:
ఒప్పుకుంటాను ఎదురుగాలీ. కానీ దీపం వెలిగేదాకా నేను ఇంట్లోనే కూర్చోవాలా? మా దారిలో దీపం వెలగట్లేదని అర్జీ పెట్టింది కూడా ఈ బృందమే. ఒక్కదాన్నే అయితే ఏ ఆఫీసుకి వెళ్లాలో కూడా తెలిసేది కాదు.

ఎదురుగాలి:
అర్జీ పెట్టే బృందమైతే నాకు అభ్యంతరం లేదు.

మూడో_మలుపు:
ఒక మగవాడు మాట్లాడొచ్చా? మా అమ్మ ఇలాంటి బృందంలో చేరింది. జాగ్రత్త కోసం మొదట్లో మా నాన్న బండి మీద వెనకాలే నెమ్మదిగా వెళ్లాడు. అంతమంది ఆడవాళ్ల వెనక ఒక బండి! అమ్మ రెండో రోజే ఆగి, "మీరు ఇంటికెళ్లండి, లేకపోతే దిగి నడవండి" అంది. నలుగురి ముందు నాన్నతో అలా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. పక్కన వాళ్లు లేకపోతే అనేది కాదేమో. ఆ తర్వాత బ్యాంకు పనులకీ ఆస్పత్రికీ తనే వెళ్తోంది. బృందం ఇచ్చిన ధీమా అయితే ఏం, పని జరిగింది కదా?

పాత_చెప్పులు:
మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు బాబూ. అయినా నేనన్నది వెనక్కి తీసుకోను. ముందు ఒకావిడే నడిచే బృందంలో వంద రోజులున్నా మన కాళ్లకి దారి తెలియదు. తూనీగ గారు కూడా బృందం మానక్కర్లేదు. ముందు నడిచే వంతు అడగండి. ఇవ్వకపోతే అప్పుడు నాలాగా మానేయండి.

లెక్కల_పిచ్చి:
లేదా సగం దారి ఒంటరిగా వెళ్లి, చివర్లో వాళ్లని కలుసుకోండి. తర్వాత ముప్పావు వంతు. భయానికి చికిత్స కూడా ఇలా మెట్టు మెట్టుగానే చేస్తారు. ఫోన్‌లో ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లండి, లేకపోతే అదీ ఒక సీసాయే.

తూనీగ:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. వచ్చే వారం ముందు నడిచే వంతు నాకిమ్మని అడిగాను. మా పెద్దక్క "నీకెందుకే ఆ టెన్షన్" అంది, కానీ సరేనంది.

ఇవాళ బృందం లేని రోజు. ఫోన్ ఇంట్లోనే పెట్టి బయల్దేరాను. నీళ్ల ట్యాంకు మలుపు దాకా వెళ్లాను. అక్కడ దారికి అడ్డంగా ఒక కుక్క పడుకునుంది. అది నన్ను చూసి తోక కూడా కదపలేదు. నేనే వెనక్కి తిరిగాను. ఎల్లుండి మళ్లీ వెళ్తాను.